తొలి ఆటకు టికెట్టు

ఫియట్ కారుకు 1970లలో వచ్చిన కొత్త పేరు ప్రీమియర్ పద్మిని. 2008లో పుట్టిన క్రికెట్ లీగ్‌లోనూ ప్రీమియర్ ఉంది. కొత్త సినిమాకు విడుదల ముందు రోజు రాత్రి వేసే ఆటా ప్రీమియరే. తెలుగు లిపిలో అన్నీ ఒకటే. ఫ్రెంచివారికి మాత్రం తేడా ఉంది. వారి భాషలో 'ప్రెమియే' పుంలింగం, 'ప్రెమియేర్' స్త్రీలింగం. రెండింటికీ మూలం లాటిన్‌లో 'మొదటి' అనే అర్థమున్న 'ప్రిముస్'. ఫ్రెంచిలో 'ప్రదర్శన' స్త్రీలింగ పదం కాబట్టి తొలి ప్రదర్శన ప్రెమియేర్ అయింది. క్రమంగా ప్రదర్శన రాలిపోయి, విశేషణమే నామవాచకంగా మిగిలింది. ఇంగ్లిష్ వారు 19వ శతాబ్దంలో నాటకాల కోసం దాన్ని అరువు తెచ్చుకున్నారు. అన్నట్టు మ్యాట్నీ కూడా ఫ్రెంచి మాటే. దాని మూలార్థం ఉదయపు వేళ. మనం చూసేది మధ్యాహ్నం రెండున్నర ఆట!

అర్థం అంతకన్నా ఎక్కువే మారింది. ప్రీమియర్ అంటే ఒకప్పుడు ఆహ్వానితుల ఆట. ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర'ను బొంబాయి ఒలింపియా థియేటర్‌లో 1913 ఏప్రిల్ 21న పిలిచినవారికి చూపించారు. టికెట్టు కొన్న జనం చూసింది మే 3న, కారొనేషన్‌లో. పెద్దమనుషులు చూసి నాలుగు మంచి మాటలు చెబితే జనం వస్తారన్నది లెక్క. 1922 అక్టోబరులో హాలీవుడ్‌లోని ఈజిప్షియన్ థియేటర్‌లో 'రాబిన్ హుడ్' తొలి ప్రదర్శనతో ఇది తారల వేడుకగా మారింది. అప్పటికీ జనం స్థానం గుమ్మం బయటే.

తెలుగు సినిమా ఈ లెక్కను తలకిందులు చేసింది. పిలుపు పోయింది, టికెట్టు వచ్చింది. అదీ మామూలు ధరకు కాదు. అమెరికాలో ముందు రోజే పడే ప్రీమియర్ల వసూళ్లు ఇక్కడ తెల్లవారేసరికి వార్త. 'పుష్ప 2' విడుదల 2024 డిసెంబరు 5న. అంతకుముందు రాత్రి ఆటకు తెలంగాణ ప్రభుత్వం టికెట్టుపై రూ.800 అదనంగా వసూలు చేసుకోనిచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ వద్ద హీరో రాకతో జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. కుటుంబంతో కలిసి సినిమాకు వచ్చిన మనిషి ఆమె. ఇక బెనిఫిట్ షోలు ఉండవని మంత్రి ప్రకటించారు. ఆ మాట ఏడాది కూడా నిలవలేదు. 2025 సెప్టెంబరులో మరో పెద్ద హీరో సినిమాకు ముందు రోజు రాత్రి ఆట వేసుకోవచ్చంటూ అదే ప్రభుత్వం అనుమతిచ్చింది.