సొంతూళ్లో... సున్నా!

క్రికెట్ కళ్లతో చూస్తే 28 పరుగులు ఓ లెక్కా! రెండు మూడు ఓవర్లలో కొట్టేస్తారు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. బంతిని కొట్టిన ఆటగాడు నాలుగు మూలలూ చుట్టి మళ్లీ బయల్దేరిన చోటికి చేరితేనే ఒక్క పరుగు. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఆడి ఐదారు చేస్తే మంచి స్కోరే. అలాంటిది 1883 ఆగస్టు 21, మంగళవారం... అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో అక్కడి గ్రేస్ జట్టు ఏకంగా 28 చేసింది. అవతలివాళ్లు సున్నా! మేజర్ లీగ్ చరిత్రలో ప్రత్యర్థిని ఖాతా తెరవనివ్వకుండా సాధించిన గెలుపుల్లో ఇంతకన్నా పెద్దది ఇప్పటికీ లేదు.

ఓడింది ఫిలడెల్ఫియా క్వేకర్స్. నేషనల్ లీగ్‌లో వాళ్లకదే మొదటి ఏడాది. ఆ సీజన్లో గెలిచినవి 17, ఓడినవి 81. ప్రధాన పిచర్ జాన్ కోల్మన్ పద్దులోనే 48 ఓటములు పడ్డాయి. ఎవరూ బద్దలు కొట్టని, కొట్టాలని కోరుకోని రికార్డది! చిత్రమేంటంటే ప్రావిడెన్స్ పిచర్ ఛార్లెస్ రాడ్‌బోర్న్ అదే ఏడాది గెలిచిన మ్యాచ్‌లూ సరిగ్గా 48.

అయితే ఆ మంగళవారం క్వేకర్స్ తరఫున బంతి విసిరింది కోల్మన్ కాదు, ఆర్ట్ హేగన్. వయసు 20. పుట్టింది... ఆ ప్రావిడెన్స్‌లోనే! పరాయి జట్టు బట్టలు వేసుకుని సొంతూళ్లో, మెస్సర్ స్ట్రీట్ మైదానంలో నిలబడ్డాడు. ఎదురుగా రాడ్‌బోర్న్.

మన క్రికెట్‌లో బౌలర్‌ను ఉతికేస్తుంటే కెప్టెన్ బంతి తీసుకుని ఇంకొకరికి ఇస్తాడు. ఇప్పటి బేస్‌బాల్‌లోనూ బయట అరడజను మంది పిచర్లు సిద్ధంగా కూర్చుని ఉంటారు. ఆ రోజుల్లో ఆ సదుపాయం లేదు. గాయమో జబ్బో చేస్తే తప్ప బయటి ఆటగాడిని దించకూడదు. మైదానంలో ఉన్నవాళ్లలోనే ఎవరితోనైనా చోటు మార్చుకోవాలి. హేగన్‌ను మాత్రం మార్చలేదు. పరుగులు పది దాటాయి, ఇరవై దాటాయి... అతనే విసురుతూ ఉన్నాడు.

నిబంధనలూ పిచర్ పక్షాన లేవు. చేతిని భుజం పైకి ఎత్తి విసరకూడదు. బంతి ఎత్తులో కావాలో, కింద కావాలో ముందుగానే అడిగి వేయించుకునే హక్కు బ్యాటర్‌ది. పోనీ ఫీల్డర్లయినా ఆదుకుంటారా అంటే, అప్పటికి ఎక్కువమంది వట్టి చేతులతోనే పట్టేవారు. దూసుకొచ్చే బంతిని గ్లవ్ లేకుండా అందుకోవడమంటే వేళ్ల మీద ఆశ వదులుకోవడమే. ఒకరు జారవిడిస్తే ఇంకొకరు దారి తప్పి విసిరేవారు. అలా వచ్చిన పరుగులూ జనం కళ్లకు పిచర్ ఇచ్చినట్టే కనిపిస్తాయి మరి! 28లో హేగన్ తప్పు ఎంతో, తోటివాళ్లది ఎంతో స్కోరుబోర్డు చెప్పదు.

మరుసటి ఏడాది రాడ్‌బోర్న్ 60 దాకా మ్యాచ్‌లు గెలిచి గ్రేస్‌ను ఛాంపియన్‌గా నిలబెట్టాడు. కానీ 1885 సీజన్‌తో ఆ జట్టే మూతపడింది. చిత్తుగా ఓడిన క్వేకర్స్ మాత్రం ఫిలీస్ పేరుతో ఇప్పటికీ అదే ఫిలడెల్ఫియాలో ఆడుతోంది. 1980లో, 2008లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మధ్యలో, 2007లో, పది వేల ఓటములు పూర్తి చేసుకున్న తొలి ప్రొఫెషనల్ జట్టన్న పేరూ తెచ్చుకుంది. అందులో 1883 నాటి ఆ మంగళవారమూ ఒకటి.

హేగన్ ఆ తర్వాత బఫెలో జట్టుకు మారాడు. 1884తో అతని మేజర్ లీగ్ ఆట ముగిసింది. 1936లో ప్రావిడెన్స్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి అతన్ని ఓడించిన గ్రేస్ కనుమరుగై 50 ఏళ్లు దాటింది.