డైట్ చార్టులో జొన్నరొట్టె ఎందుకు లేదు?

మా ఫ్రిజ్ మీద నెల రోజులుగా ఒక చార్టు వేలాడుతోంది. ఇక్కడే లక్డీకాపూల్‌లో ఒక డైటీషియన్ మా అత్తమ్మ షుగర్‌కి రాసిచ్చింది. పొద్దున ఓట్స్, రాత్రి ఓట్స్. 72 ఏళ్ల మనిషి, మెదక్ దగ్గర పల్లెలో జొన్నరొట్టె తిని పెరిగింది. మొదటి రోజు గిన్నెలోకి చూసి, "గిదేంది బిడ్డా, అంబలి లెక్క లేదు, పాయసం లెక్క లేదు" అంది. నాలుగో రోజు నుంచి ఆకలి లేదంటోంది. ఆకలి లేక కాదని నాకు తెలుసు.

ఓట్స్ మీద నాకు కోపం లేదు. గోధుమ, బార్లీ చేలలో కలుపుగా మొలిచి, ఆ గింజలతో పాటే యూరప్ చేరి, అక్కడి చలికీ తడికీ తట్టుకుని, సుమారు 3000 ఏళ్ల కిందట గానీ పంట అనిపించుకోలేదు పాపం. ఇంగ్లండులో గుర్రాలకు పెట్టేదాన్ని స్కాట్లండులో మనుషులు తింటారని 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులోనే వెక్కిరించాడు. మన దేశంలోనూ వాటిని ఎక్కువగా ఉత్తరాదిన పశువుల పచ్చిమేతకే వేస్తారు. తెలుగులో పేరు కూడా లేదు. కొందరు యవలు అని రాస్తున్నారు, యవలంటే బార్లీ కదండీ!

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. మనం గుర్రాలకు పెట్టింది ఉలవలు. ఇంగ్లీషులో వాటి పేరే గుర్రపు గింజ. ఆ ఉలవలతో చారు కాస్తే మోటు తిండి, వాళ్ల గుర్రాల గింజ డబ్బాలో వస్తే ఆరోగ్యం!

గుణం లేదనను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది, రోజుకు 3 గ్రాములు తింటే కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. ఆ మాట డబ్బాల మీద వేసుకోవచ్చని 1997లో అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. జొన్నలో ఆ పీచు అంత లేదు, సరే. షుగర్‌కీ మంచిదే అంటారు. కానీ ఏ ఓట్స్? గింజను ముక్కలుగా కోసినవి నెమ్మదిగా అరుగుతాయి. ఆవిరి పట్టి పల్చగా నొక్కి, రెండు నిమిషాల్లో ఉడికేలా చేసినవి తొందరగా అరిగి షుగర్‌ని తొందరగా పెంచుతాయి. మా వీధి కిరాణాలో ఉన్నవన్నీ ఈ రెండో రకమే, పైగా మసాలా, ఉప్పు కలిపినవి. ఏ రకమో చార్టులో లేదు.

జొన్న మీద పరిశోధనకు పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అంది. ఇంత జరిగినా మా చార్టులోకి ఒక్క రొట్టె రాలేదు.

నిజం చెప్పాలంటే నా తప్పూ ఉంది. నాకు రొట్టె కొట్టడం రాదు. అంచులు పగులుతాయి. ఓట్స్ అయితే రెండు నిమిషాలు, అందుకే నేనూ నోరెత్తలేదు.

నిన్న సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు కొట్టే ఆవిడ దగ్గర రెండు తెచ్చి, తోటకూర పప్పుతో పెట్టాను. ఒకటిన్నర తింది. చార్టులో రాత్రి ఓట్స్ కొట్టేసి, జొన్నరొట్టె ఒకటిన్నర అని రాశాను. షుగర్ చూసే మిషన్ ఇంట్లోనే ఉంది. రోజూ చూసి రాసిపెడతాను, వచ్చేసారి ఆ డైటీషియన్ దగ్గరికి ఆ అంకెలు పట్టుకునే వెళతాను.