గోస్తని పొదుగు

మా గెడ్డకి పేరు పెట్టిందెవరో గాని మా పేటవాడు మాత్రం కాదు. గోస్తని అన్నారు. అంటే ఆవు పొదుగు. బొర్రా గుహల మీదున్న కన్నంలోంచి ఓ ఆవు లోపల పడిందట. కాపరి వెతుక్కుంటూ పోతే లింగం కనిపించిందట. పొదుగులాంటి రాతిలోంచి కారిన నీళ్ళే గోస్తనిగా పారాయట. బళ్ళో మేష్టారు ఈ కథ చెప్తుంటే నాకొకటే అనుమానం. పడిన ఆవు చచ్చిపోయుంటే ఎవర్ని పిలిచేవారు? మా అయ్యనే పిలిచేవారు.

మేం మాదిగలం. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చింది మేం. తోలు వొలిచి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో లందలో ఊనేసి, బుగత కాలికి చెప్పు కుట్టింది మేం. బతికున్న ఆవు పొదుగు వాళ్ళది, చచ్చిన ఆవు కంపు మాది. గెడ్డనీ అలాగే పంచారు. ఎగువ రేవు బాపనోళ్ళది. దాని దిగువన పెద్దరైతులది. ఆ దిగువన చాకిరేవు. ఆ దిగువన గొడ్లు కడిగే చోటు. గొడ్లు కడిగిన నీళ్ళొచ్చే చోట మా రేవు.

ఎండాకాలం గెడ్డ ఎండితే ఇసకలో చెలమలు తవ్వుకునేవాళ్ళం. చెలమలకీ ఎగువా దిగువా ఉండేవి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు దూడల్ని తోలుకొస్తూ దాహమేసి ఎగువ చెలమలో దోసిలి పెట్టాను. ఎవరో చూశారు. ఆ చెలమ పూడ్చేసి పక్కన ఇంకోటి తవ్వుకున్నారు. సాయంత్రం మా అయ్యని రచ్చబండ ముందు నిలబెట్టారు.

"ఏట్రా, నీ గుంటడికి దాహం ఎక్కువైపోనాదేటి?" అన్నాడు బుగత.

"తప్పయిపోనాది బాబూ" అన్నాడు అయ్య తలొంచుకుని. ఇంటికొచ్చి నన్ను కొట్టలేదు. కొట్టుంటే మర్చిపోయేవాణ్ణి.

చదువుకున్నాక తెలిసింది, ఆ దోసిలి నా ఒక్కడిదీ కాదని. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగితే, సవర్ణులు ఆవు పేడా ఆవు మూత్రం కుండలతో పోసి చెరువుని శుద్ధి చేసుకున్నారు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువుని మురికి చేస్తుంటే అడిగిన పాపానికి సువార్తమ్మ మీద పడ్డారు. మర్నాడు ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరులో మనవాళ్ళని నరికి, గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు. తాగడానికి పనికిరాని మనం, నీళ్ళలో శవాలుగా తేలడానికి పనికొచ్చాం.

ఇప్పుడు మా గెడ్డ విహారకేంద్రం. బొర్రాలో రంగు దీపాలు, కటికి జలపాతం, తాటిపూడిలో పడవ షికారు, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చోట ఫొటోలు. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం కుళాయిల్లోకి పోతాయి. మా చెలమలు మాత్రం లోతెక్కాయి. కార్తీకమాసం వస్తే వనభోజనాలు. ఆ తోటల్లో కట్టిన బేనర్లు చదవండి. ఫలానా కులసంఘం వారి కార్తీక వనసమారాధన! ఉసిరిచెట్టు నీడలోనూ ఎవడి కులం వాడిదే. రేవులు పోయాయంటారు గాని, పోలేదు. బేనర్లయ్యాయి. మమ్మల్నీ పిలుస్తారు, గాడిపొయ్యి తవ్వడానికీ, ఎంగిలాకులెత్తడానికీ.

"టిక్కెట్టు కొన్నవాడి కులం ఎవరూ అడగరు కదా" అంటాడు ఓ అభ్యుదయ మిత్రుడు. నిజమే. టిక్కెట్టు కొన్నవాడి కులం కాదు మిత్రమా, వాడు తాగి పగలేసిన సీసా పెంకులు ఏరేవాళ్ళ కులం అడుగు. గట్టు మీద హోటలెవరిదో, అందులో అంట్లు తోమేదెవరో అడుగు.

ఈ ప్రశ్న కొండమీది అన్నదమ్ములు ముందే అడిగారు. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళితే, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది. గనికి పనికొచ్చిన న్యాయం షికారు వ్యాపారానికెందుకు పనికిరాదు? కొండా గెడ్డా ఎవరి బతుకో, దాని మీదొచ్చే డబ్బులో మొదటి వాటా వాళ్ళది కావాలి. దయగా కాదు, హక్కుగా.

నేను షికారుకి వ్యతిరేకిని కాను. మా అమ్మ బతికినన్నాళ్ళూ గెడ్డకెళ్ళింది. బిందెతో వెళ్ళింది, బట్టల మూటతో వెళ్ళింది, గడ్డిమోపుతో వెళ్ళింది. ఒక్కనాడూ ఒడ్డున ఊరికే కూచోలేదు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూచోడం కూడా ఒక హక్కేనని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పినా ఎక్కడ కూచుంటుంది? ఎగువ రేవులోనా?

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వచ్చే కార్తీకానికి రండి. బేనరొద్దు. మన కూర మనం వండుకుని ఎగువ రేవులో కూచుందాం. అందర్నీ పిలుద్దాం. ఎవరొచ్చి మన పక్కన ఆకేసుకుంటారో, ఎవరు ముక్కు మూసుకుంటారో చూద్దాం. గోస్తని ఎవరిదో ఆ పూట తేలుతుంది.