రంగు క్రింద ఏమున్నది?



వేసవి సెలవులు దగ్గరపడగానే అనేక సంఘములలో క్యాంపుల సందడి మొదలగును. గుడారములు, వంట డేగిసాలు, మైకు సెట్టు, చాపలు, నీళ్ల డ్రమ్ములు ఇవన్నియు ఊరు దాటించుటకు బండి కావలెను. ప్రతిసారి లారీ కిరాయి ఇచ్చుకొనలేక, యాంగిలు, చానలు, స్క్వేరు ట్యూబు కొని ఊరి వెల్డింగు షాపులోనే చిన్న ట్రైలరు కట్టించుకొనువారు ఉన్నారు. వ్యవసాయ కుటుంబములలో ఇది క్రొత్త సంగతి కాదు. అయితే వెల్డింగు ముగిసిన దినముననే అందరికీ ఒకటే తొందర. “సాయంత్రానికి రంగు కొట్టేద్దాం, రేపు బండి తోలుకుపోదాం” అందురు. ఈ నెల మేము ఆ రంగు పనిని గురించియే వ్రాయుచున్నాము.

రంగు పనికి ఒక పత్రికలో ఇంత చోటు ఎందుకని కొందరు అనుకొనవచ్చును. ట్రైలరు సామానుకే గాని మనుషులకు కాదు. అయినను తిరుగు ప్రయాణములో పిల్లలు దానిమీదికి ఎక్కుట మనము చూచుచునే యున్నాము. ఎవరును ఎక్కకపోయినను, దాని వెనుక మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలతో వచ్చు మనిషి ఒకడు ఉండును. ఆ చట్రము విరిగినా, చీకటిలో కనబడకపోయినా నష్టపోవునది ఒక కుటుంబము.

మొదట ఒక మాట స్పష్టము చేసికొందము. రంగు ఇనుమునకు బలమియ్యదు. ఇనుమునకును గాలి నీటికిని మధ్య అడ్డుగా నిలుచుటయే దాని పని. ఇనుము, నీరు, ప్రాణవాయువు ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టును. తెలంగాణలో దీనినే జంగు అందురు. ఉప్పు తోడైతే పని మరింత వేగముగా జరుగును. అందుచేతనే సముద్రపు గాలి తగులు ఊళ్లలో కిటికీ చువ్వలు అంత త్వరగా తినివేయబడును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. గనుక రంగు క్రింద కొంచెము తుప్పు మిగిలినను, అది ఉబ్బి, పైనున్న రంగును పొక్కులుగా లేపి, ఆ పగుళ్లలోనుండి మరింత నీటిని పిలుచుకొనును.

“మాది క్రొత్త ఇనుము, తుప్పు లేదు గదా” అని కొందరందురు. క్రొత్త ఇనుము మీద నీలిబూడిద రంగులో నున్నగా, గట్టిగా ఒక పొర ఉండును. వేడి ఇనుమును రోలర్లలో సాగదీయునప్పుడు ఏర్పడిన ఆ పొరను మిల్లు స్కేలు అందురు. చూపునకు అదే మంచి రక్షణవలె తోచును. కాని అది ఇనుముతో కలిసి సాగదు, చిన్న చిన్న పెచ్చులుగా ఊడును. దానిమీద వేసిన రంగు దానితోకూడ ఊడవలసినదే. గ్రైండింగు మిషనుతోనైనా, వైరు బ్రష్షుతోనైనా, ఎమరీ కాగితముతోనైనా దానిని తీసివేయవలెను. వెల్డింగు దగ్గర మిగిలిన స్లాగును సుత్తితో కొట్టి రాల్చవలెను. చిందిన ఇనుప బొట్లను ఉలితో లేపవలెను. పదునైన అంచులను ఆకురాయితో గుండ్రముగా చేయవలెను. ఎందుకనగా తడి రంగు పదునైన అంచున నిలువక ఇరుప్రక్కలకు జారును. అక్కడ పూత పలుచనగును. తుప్పు మొదట అక్కడే కనబడును.

రెండేండ్ల క్రిందట మా సంఘ యువకులు ఒక పాత ట్రైలరు కొనిరి. ఎవరో ఇంటి అవసరమునకు కట్టించుకొన్నది. నీలి రంగుతో తళతళలాడుచుండెను. “అయ్యగారూ, రంగు బాగానే ఉంది గదండీ, ఇంకో పూత వేస్తే చాలదా?” అని ఒక తమ్ముడు అడిగెను. వెల్డింగు మేస్త్రీ ఒప్పుకొనలేదు. “రంగు తీస్తేనేగాని ఇనుము సంగతి తెలీదు బాబూ” అనెను. మూడు దినముల పనిలో రెండు దినములకు పైగా గీకుటకే పట్టెను. ముందరి హుక్కు దగ్గర వెల్డింగును శుభ్రము చేసిన తరువాత మేస్త్రీ దానికి కిరోసిను పూసి, కొంతసేపు ఉంచి, పొడిగుడ్డతో బాగుగా తుడిచి, మీద సుద్దపొడి అద్దెను. కాసేపటికి తెల్లని సుద్దమీద వెండ్రుకంత నల్లని గీత తేలెను. అది పగులు. ఆ పగులులో దాగిన కిరోసిను సుద్దలోనికి ఊరి వచ్చినది. బండి బరువంతయు లాగుచోటు అది. ఎవరును ఏమియు మాటలాడలేదు. మేస్త్రీ దానిని అడుగువరకు గ్రైండు చేసి, మరల వెల్డింగు చేసి, పైన ఒక పట్టీ అతికించెను.

ఈ కిరోసిను, సుద్ద పరీక్ష ఆయన కనిపెట్టినది కాదు. నూనెయు సుద్దయు వాడి ఇరుసులలోను చక్రములలోను పగుళ్లు వెదకుట రైల్వే వర్కుషాపుల పాత పద్ధతి. ఖర్చు లేనిది, ఏ ఊరిలోనైనా చేయదగినది. పరీక్ష అయిన తరువాత మాత్రము ఆ కిరోసినును థిన్నరుతోగాని, సబ్బునీళ్లతోగాని పూర్తిగా కడిగి ఆరబెట్టవలెను. నూనె జిడ్డుమీద ఏ రంగును అంటదు. చేతి చెమట కూడ జిడ్డే గనుక శుభ్రము చేసిన ఇనుమును మరల వట్టి చేతులతో తాకకుండుట మంచిది.

స్క్వేరు ట్యూబు చివరలను కూడ చూడవలెను. ట్యూబులోనికి నీరు దూరు దారి ఉండి, బయటికి పోవు దారి లేకపోతే అది లోపలినుండి తినివేయబడును. పైన రంగు చెక్కుచెదరదు, లోపల గోడ కాగితమంత అగును. గనుక చివరలనైనా సందులేకుండ మూసి వెల్డింగు చేయించవలెను, లేదా అడుగున నీరు కారుటకు రంధ్రములైనా వేయించవలెను. సగము మూసి సగము విడుచుట అన్నిటికంటె చెడ్డది. జి.ఐ. ట్యూబు వాడినవారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. దానిని వెల్డింగు చేయునప్పుడు లేచు జింకు పొగ పీల్చినవారికి చలిజ్వరమువంటిది వచ్చును. మామూలు ఎనామిలు రంగు నేరుగా జింకుమీద వేస్తే కొద్దికాలమునకే ఊడిపోవును. దానికి తగిన ప్రైమరు వేరుగా ఉన్నది.

ఇక ప్రైమరు. మన షాపులలో సామాన్యముగా దొరకునది రెడ్ ఆక్సైడు. ఆ ఎర్రరంగు ఐరన్ ఆక్సైడు, అనగా తుప్పు జాతిదే. అయితే పొడిగా నూరబడి, జిగురులో కలిసి, పొరగా కుదిరినందున అది ఇనుమును కప్పి కాపాడును. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరు తుప్పును అడ్డుటలో ఇంకను మేలైనది. గీకిన గంటలలోనే, మంచు కురియకముందే మొదటి పూత పడవలెను. శుభ్రమైన ఇనుము ఒక్క రాత్రి మంచులో ఉంటే తెల్లవారునప్పటికి మరల ఎర్రబడును. గాలిలో తేమ 85 శాతమునకు మించినప్పుడు పని ఆపవలెను. ఇనుము వేడిమి మంచుబిందువు కంటె కనీసము 3 డిగ్రీలు ఎక్కువగా ఉండవలెనని ఈ పని తెలిసినవారి లెక్క. మన కోస్తాలో వానలు వెనుదీసిన తరువాత, ప్రొద్దు ఎక్కి మంచు ఆరినప్పటినుండి మధ్యాహ్నము మూడు గంటలవరకు మంచి సమయము. మే నెల ఎండలో కాలుచున్న ఇనుముమీద వేస్తే థిన్నరు తటాలున ఎగిరిపోయి పొక్కులు వచ్చును గనుక నీడలో చేయవలెను.

మొదట చిన్న బ్రష్షుతో అంచులకు, మూలలకు, వెల్డింగులకు, బోల్టు రంధ్రములకు మాత్రమే ఒక పూత వేయవలెను. తరువాత చట్రమంతటికి వేయవలెను. మామూలు రంగు ఒక పూత ఎండిన తరువాత సుమారు 25 నుండి 40 మైక్రాన్ల మందము ఉండును. మనిషి వెండ్రుకంత కూడ ఉండదు. అందుకే రెండు పూతల ప్రైమరు, రెండు పూతల ఎనామిలు అవసరము. త్వరగా అయిపోవలెనని ఒకేసారి మందముగా వేస్తే పైపొర ఎండి లోపల పచ్చిగా ఉండును. డబ్బామీద వ్రాసినంత సేపు ఆగుట తప్పనిసరి. అడుగు పలకలను బిగించుటకు ముందే పలకల క్రింది ముఖమునకును, చట్రము పై ముఖమునకును రంగు వేయవలెను. బిగించిన తరువాత అక్కడికి బ్రష్షు చేరదు గాని నీరు చేరును.

రంగు వేయకూడని చోట్లు కూడ ఉన్నవి. బేరింగులు, హుక్కు పిన్ను రాపిడి పొందు చోటు, బోల్టు మరలు, వెనుక దీపములకు ఎర్తు వైరు తగిలించు చోటు, చాసిస్ నంబరు కొట్టిన చోటు. వీటిని పేపరుతో మూసి ఉంచవలెను. చట్రము ఆరిన తరువాత వెనుకవైపు రెండు మూలలను ఎర్రని రిఫ్లెక్టర్లు బిగించవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు ట్రైలర్లకు కూడ దీనిని విధించినవి. ప్రక్కలకు మెరిసే టేపు అంటించుట ఇంకను మంచిది. ఎంత మంచి నీలి రంగైనను రాత్రివేళ రోడ్డుమీద నలుపే. ఈ రెండు ఎర్రని బిళ్లలే వెనుక వచ్చువానికి కనబడును.

పని చేయువారి ఆరోగ్యమును గురించి తల్లిదండ్రులు తెలిసికొనవలసినది ఒకటున్నది. పాత కాలమున ఇనుమునకు సీసపు సింధూరము పూసెడివారు. వంతెనలకు, ఓడలకు అదే వాడిరి. పసుపు, నారింజ రంగులలో కూడ సీసము కలిపెడివారు. మన దేశములో 2017 నవంబరు 1 నుండి ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము అమలులోనికి వచ్చెను. అది ఇంటి రంగులకు, అలంకార రంగులకు మాత్రమే వర్తించును. పాత బండిమీది రంగులో ఏమున్నదో చూచి చెప్పలేము. సీసపు ధూళి పిల్లల మెదడునకు హాని చేయును. గనుక పాత రంగును తడిపి గీకవలెను, మాస్కు కట్టుకొనవలెను, రాలిన పెచ్చులను పట్టామీద పోగుచేసి మూటకట్టవలెను, పిల్లలను కోళ్లను అక్కడికి రానీయకూడదు. ఆ బట్టలతో ఇంటిలోనికి వెళ్లి బిడ్డను ఎత్తుకొనకూడదు. థిన్నరు డబ్బా తెరచియుండగా బీడీ, వెల్డింగు, గ్రైండరు నిప్పురవ్వ దగ్గరకు రాకూడదు. రెండు డబ్బాలు కలిపి వాడు పాలీయురిథేను రంగును స్ప్రే చేయుట ఇంటి పని కాదు. దాని గట్టిపరచు ద్రవములోని ఐసోసయనేటు ఊపిరితిత్తులను చెరచును, మామూలు గుడ్డ మాస్కు దానిని ఆపదు.

ఇంత శ్రమ అవసరమా అని తోచినప్పుడు స్కాట్లండులోని ఫోర్త్ రైలు వంతెన సంగతి జ్ఞాపకము చేసికొందము. 1890లో తెరువబడిన ఆ ఉక్కు వంతెనకు రంగు వేయుట ఎన్నటికి ముగియదని ఆంగ్లములో సామెతయే పుట్టెను. ఒక చివర ముగియునప్పటికి మరియొక చివర మొదలుపెట్టవలసి వచ్చునని దాని అర్థము. 2002లో వారు వేరే మార్గము పట్టిరి. పాత రంగు పొరలన్నిటిని తీసివేసి, ఉక్కును బయలుపరచి, దానిమీద మూడు పొరల క్రొత్త పూత వేసిరి. ఆ పని 2011 వరకు సాగెను. ఇరువది యేండ్లకు పైగా మరల వేయనక్కర ఉండదని అంచనా వేసిరి. క్రొత్త రంగు మంచిదే, కాని అడుగువరకు శుభ్రపరచకపోతే ఆ మంచి రంగు కూడ పాత పెచ్చులతోనే రాలియుండెడిది.

మన దేశములో పాంబన్ వంతెనను చూడుడి. 1914లో సముద్రముమీద కట్టిన ఆ రైలు వంతెన ఉప్పుగాలితో నూరేండ్లకు పైగా పోరాడెను. 2022 డిసెంబరులో దానిమీద రైళ్లు ఆపివేసిరి. ప్రక్కన కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిలులో తెరువబడెను. దానికి తుప్పును అడ్డు ప్రత్యేకమైన పాలీసిలోక్సేను పూత వేసిరి.

మన ట్రైలరు వంతెనంత పెద్దది కాదు. అయినను లెక్క ఒక్కటే. రంగు వేయని ఇనుము తన తుప్పును దాచదు. చూచిన ప్రతివాడును జాగ్రత్తపడును. తుప్పుమీద, పగులుమీద వేసిన మెరుగు రంగు చూచువాని కన్ను మూయును. అమ్మువాడు దానిని చూపి అమ్మును, కొనువాడు దానిని చూచి కొనును, బిడ్డ దానిని నమ్మి ఎక్కును. గనుక పాత బండి కొనువారు రంగును మెచ్చుకొనకముందు హుక్కు దగ్గర, ఇరుసు దగ్గర, స్ప్రింగు పట్టీల దగ్గర కొంచెము గీకి చూడుడి. బండి అమ్మువారు పగులును బాగుచేయించిన తరువాతనే రంగు డబ్బా మూత తీయుడి. వానకాలము ముగిసిన ప్రతిసారి ఒక పూట కేటాయించి, లేచిన రంగును గీకి, అక్కడికక్కడ ప్రైమరు ముట్టించుడి. చిన్న డబ్బా, చిన్న బ్రష్షు, ఒక ఎమరీ కాగితము చాలును.