సూది పట్టని ఆహార్యం

పత్రికల పుణ్యమా అని 'నేపథ్యం' అనే మాట తన అసలు అర్థాన్ని దాదాపుగా పోగొట్టుకొంది. ఎన్నికల నేపథ్యం, వర్షాల నేపథ్యం, ధరల నేపథ్యం... రోజూ చదువుతూనే ఉన్నాం. సంస్కృత నాటకకర్తలకు నేపథ్యమంటే తెర వెనుక నటులు వేషం కట్టుకొనే చోటు. ఆ కట్టుకొన్న వేషం కూడా నేపథ్యమే. చోటుకూ వస్తువుకూ ఒకే మాట చెల్లడం నాకు ముచ్చటగా తోస్తుంది. మనవాళ్ళు ఇప్పుడు ఆ రెంటినీ విడదీశారు. బొమ్మ గీసేవారొకరు, కుట్టేవారొకరు. మొదటివారి పేరు తెరమీద పడుతుంది, రెండవవారు ఎవరో కూడా మనకు తెలియదు. రంగస్థలానికి, సినిమాకు దుస్తులు సమకూర్చే విద్య నేర్వగోరే పిల్లలు ఈ విడదీతను సహజమనుకొని ప్రవేశిస్తున్నారు. నా పేచీ అక్కడే.

ఆంగిక, వాచిక, సాత్త్వికాలతో పాటు ఆహార్యాన్ని కూడా భరతుడు అభినయమనే అన్నాడు. అలంకారం అని ఊరుకోలేదు. ఆహరించడం అంటే తీసుకొని రావడం. నటుని దేహంలో లేనిదానిని బయటినుంచి తెచ్చి పాత్రకు అమర్చడం ఆహార్యం. ఆ అధ్యాయాన్ని పండితులు వ్యాఖ్యానాలకోసం చదువుతారు గాని, నాకది పనివాని చేతిపుస్తకంలా కనిపిస్తుంది. ఏ రంగులో ఏ రంగు కలిపితే ఏ వన్నె వస్తుందో అందులో ఉంది. బరువైన నగలు పెడితే నటుడు అలసిపోతాడు కనుక లక్కతోనూ, పలుచని రేకుతోనూ, అభ్రకంతోనూ చేయమని ఉంది. వేషాలను శుద్ధం, విచిత్రం, మలినం అని మూడుగా విభజించి, పిచ్చివానికి, తాగినవానికి, దారి నడిచి అలసినవానికి మలినవేషం చెప్పాడు. మాసిన గుడ్డకు శాస్త్రంలో చోటిచ్చినవాడు సూది పట్టినవారితో కూర్చుని మాట్లాడే ఉంటాడని నా ఊహ.

ఆ మలినవేషమే నేటి సినిమావారికి పెద్ద పని. కొత్త చొక్కాను పదేళ్ళు తొడిగినదానిలా చేయాలి. మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్దుతారు, టీ డికాక్షనులో ముంచి తెలుపు విరుస్తారు, జేబులు జారినట్టు ఉండాలని వాటిలో రాళ్ళు వేసి వేలాడదీస్తారు. మనిషి ఏ చేతివాటం వాడో, ఏ మోకాలు ఆన్చి కూర్చొంటాడో తెలిస్తే గాని ఎక్కడ అరగదీయాలో తెలియదు. అంటే పాత్రను చదవాలి. సినిమా కథను వరుసగా తీయరు గనుక, వానలో తడిసి కొట్లాటలో చిరిగే చొక్కా ఒకటైతే, ఒక్కో దశకు ఒక్కొక్కటి చొప్పున అదే చొక్కాను మళ్ళీమళ్ళీ కుట్టి పెట్టుకోవాలి. ఏ దృశ్యంలో ఏ గుండీ ఊడిందో రాసుకోవాలి, ఫొటో తీసి దాచుకోవాలి.

రంగస్థలం బాధలు వేరు. చివరి వరుసలో కూర్చున్నవానికి సన్నని జరీ అంచు కనబడదు, ముతక పట్టీ కనబడుతుంది. రెండు నిమిషాలలో వేషం మారవలసినచోట ముందు గుండీలు కుట్టి, అవి ఉత్తుత్తివిగా ఉంచి, వెనుక వెల్క్రో పెట్టాలి. రేపు ఆ పాత్ర ఇంకొకరు వేయవచ్చు గనుక కుట్టు లోపల గుడ్డ ఎక్కువగా వదలాలి. ఖరీదైన గుడ్డ కత్తిరించే ముందు ముతక తెల్లగుడ్డతో ఒకటి కుట్టి, నటునికి తొడిగి, చేతులు పైకెత్తమని, కూర్చోమని, పరుగెత్తమని చూడాలి. గద ఎత్తితే చంక చిరిగే భీముని కవచం ఎంత చక్కని బొమ్మనుంచి పుట్టినా దండగే. ఇవన్నీ కాగితం మీద రావు.

ఫ్యాషను చదువులు మనకు వచ్చాయి. హైదరాబాదులో నిఫ్ట్ 1995లో వెలిసింది. ఆ చదువును చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అయితే ఫ్యాషను వేరు, ఆహార్యం వేరు. అక్కడ దుస్తులు కొన్నవారిని అందంగా చూపాలి. ఇక్కడ పాత్రను చూపాలి, ఆ పాత్ర ఎంత వికారమైనదైనా సరే.

మన దగ్గర ఈ విద్య బడిలో లేదు గాని, లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభివారిని చూడండి. కుటుంబమే నాటక సమాజం కనుక వేషం వేసే చేయే తెర లాగింది, రంగు పూసింది, చమ్కీలు కుట్టింది. పగటివేషగాళ్ళ అర్ధనారీశ్వర వేషం మరో వింత. ఒకే మనిషి కుడిపక్క శివుడు, ఎడమపక్క పార్వతి. అడ్డుగుడ్డ మాటున పక్క మార్చి నిలిచేసరికి స్వరం, నడక, చూపు అన్నీ మారిపోవాలి. నిట్టనిలువునా రెండు దుస్తులను ఒక్క ఒంటిమీద కలపడం ఎంత నేర్పరి దర్జీకైనా పరీక్షే. భామాకలాపంలో సత్యభామ జడ సంగతి మీకు తెలిసిందే. అది నగ కాదు, ఆమె అహంకారం. దానిని అల్లేవారికి ఆ కలాపం తెలియకపోతే అది జడబిళ్ళలున్న సవరంగానే మిగులుతుంది.

వేషాల అద్దె దుకాణాలు వచ్చాక ఈ తెలివిడి బాగా దెబ్బతిన్నదని నా నమ్మకం. బడి వార్షికోత్సవాలలో దుర్యోధనుడు, శ్రీకృష్ణదేవరాయలు, అక్బరు ముగ్గురూ ఒకే మఖమలు అంగీతో రావడం ఎన్నేళ్ళు చూశానో! పిల్లలు ఇంట్లోని పాత చీరలతో ఏదో ఒకటి కట్టుకొచ్చిన సంవత్సరాలలో తప్పులు ఎక్కువ ఉండేవి, ఆలోచన కూడా ఎక్కువ ఉండేది.

భానూ అథయ్యా పేరు చాలామందికి ఆస్కారుతోనే తెలుసు. 'గాంధీ' చిత్రానికి జాన్ మోల్లోతో కలిసి 1983లో ఆ బహుమతి అందుకొన్నారు, భారతీయులలో మొదటివారు. 2012లో భద్రత కోసం ఆ ప్రతిమను అకాడమీకే తిరిగి అప్పగించారు. 2020లో కన్నుమూశారు. నాకు ఆసక్తి కలిగించేది ఆమె మొదలుపెట్టిన తీరు. చిత్రకళ చదివి, పత్రికకు దుస్తుల బొమ్మలు గీస్తూ, ఒక బొటీకులో నిజంగా బట్టలు తయారుచేయించే పనిలోకి దిగి, అక్కడినుంచి 1956 నాటి 'సి.ఐ.డి.' చిత్రానికి చేరారు. గీతనుంచి గుడ్డకు దిగిన తరువాతనే సినిమా.

నా దగ్గర తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఈ మధ్య ఇదే విద్య నేర్చుకొంటానంటే, ఇంట్లో పెద్దలు "ఇంత చదివించింది దర్జీపనికా?" అని కూర్చున్నారు. కాసింత సర్దుబాటు చేద్దామని దగ్గరివారు "దర్జీపని కాదండీ, డిజైనింగు" అని నచ్చజెప్పారు. నాకు ఆ సర్దుబాటే ఎక్కువ బాధ కలిగించింది. దర్జీపనే, అవును. ఏడాదిపాటు మంచి కటింగు మాస్టరు దగ్గర కాజాలు కుట్టిన తరువాతనే ఏ సంస్థకైనా దరఖాస్తు పెట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. ఫీజు కట్టి మూడేళ్ళు బొమ్మలు గీసి, చివరకు గుడ్డ ఎటు లాగితే సాగుతుందో తెలియక సెట్లో నిలబడితే, పక్కనున్న కుట్టుమిషను మనిషి మర్యాదకు నవ్వడు గాని, మనసులో నవ్వుకొంటాడు.

ఇంకొక పని కూడా అప్పగించాను. హరిశ్చంద్ర కథను తీసుకొని మొత్తం దుస్తుల పట్టిక రాయమన్నాను. సింహాసనం మీది రాజు కాటికాపరి అయ్యేసరికి ఏ దృశ్యంలో ఏది ఒంటిమీదినుంచి పోతుంది, ఏది మిగులుతుంది, మిగిలినది ఎంత మాస్తుంది? పట్టిక బాగానే రాసింది. కాటిసీను దగ్గర ఆగిపోయింది. చంద్రమతి మెడలోని మంగళసూత్రం భర్తకు తప్ప ఎవరికీ కనబడకూడదు. అంతవరకు నాటకంలో ఎవరూ చూడనట్టే ఉండాలి, ఆ క్షణాన కాపరి చూడాలి, వెనుక వరుసలోని ప్రేక్షకుడూ చూడాలి. సూత్రం ఎంత లావుండాలి, చీరచెంగు ఎక్కడ నిలవాలి, పిన్ను ఎక్కడ పెట్టాలి అని పాత చీర ఒకటి చింపి మూడు రోజులుగా ప్రయత్నిస్తోందట. మీలో నాటకానుభవం ఉన్నవారెవరైనా ఉపాయం చెబితే ఆమెకు చేరవేస్తాను.