పెట్టెకు జ్వరం

రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలంటారు. రోళ్ళ సంగతి నేనెరుగను గాని, మొన్నటి వేసవిలో మా యింట్లో పగలబోయింది మాత్రం తండ్రీకొడుకుల మధ్య మాట.

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. మైపాడు సముద్రం కూతవేటు దూరమని చెప్పలేను గాని, తూర్పుగాలి తిరిగిందంటే ఉప్పువాసన మా వాకిట్లోకి వస్తుంది. మా అబ్బాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరం. రెండేళ్ళ కిందట వాడికొక గేమింగు లాప్‌టాప్ కొనిపెట్టాను. "చదువుకే నాన్నా" అన్నాడు. ఆ పేరులోనే ఆట వుందని తెలియనంత అమాయకుణ్ణి కాను, అయినా కొన్నాను.

మే నెల వచ్చేసరికి ఆ యంత్రం అరగంట నడిస్తే చాలు, హోరుమని రొద పెట్టి నత్తనడక నడవసాగింది. వొకనాటి మధ్యాహ్నం పరుపుమీద పెట్టుకుని పనిచేస్తుంటే తనంతట తానే ఆరిపోయింది. మూడు గంటల ప్రాజెక్టు పని గంగలో కలిసింది. నేను వూరుకుంటానా? "రాత్రింబవళ్ళు ఆటలాడితే యిట్లాగే వుంటుంది" అన్నాను. వాడు మారు పలకలేదు. వారం రోజులు పలకలేదు.

మా అమ్మ మాత్రం, "ఏందిరా అబ్బయా, ఆ పెట్టెకి జొరమా? తడిగుడ్డ యేయరాదూ?" అంది.

చివరకు వాడు తన స్కాలర్‌షిప్పు డబ్బులో పదిహేనువందలు పెట్టి కూలింగు పాడ్ తెప్పించుకున్నాడు. అంటే మరేం లేదు, పంకాలు బిగించిన పీట. "పదిహేనువందలూ గాలికి పోశావు" అన్నాను. "గాలి కోసమే గదా నాన్నా కొన్నది" అన్నాడు. వారం తర్వాత వాడన్న మొదటి మాట అది. సరే, పరీక్ష పెట్టి తేల్చుకుందామనుకున్నాం.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక, ముందు మా కళాశాల భౌతికశాస్త్రం మాస్టారి దగ్గర పాఠం చెప్పించుకున్నాను. లాప్‌టాప్ తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారవలసిందేనట. లోపల చిప్పుమీద రాగిగొట్టాలుంటాయి. గాలి తీసేసిన ఆ గొట్టాల్లో కాసిని నీటిబొట్లు. వేడి తగిలినచోట నీరు ఆవిరై రెండవ కొసకు పరుగెత్తి, అక్కడ వేడిని వదిలి, తిరిగి నీరై వెనక్కు వస్తుంది. అమెరికాలో లాస్ ఆలమోస్ ప్రయోగశాలకు చెందిన జార్జి గ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు 1963లో యిటువంటి గొట్టాన్ని చేసి చూపాడు. రెండవ కొసన సన్నని రేకులుంటాయి. వాటిమీదికి లోపలి పంకాలు గాలి విసురుతాయి. ఆ గాలి చాలావరకు అడుగు చిల్లుల్లోంచే రావాలి. పరుపుమీద పెట్టడమంటే ముక్కుమీద దిండు అదిమినట్టే. పీట చేసేది రెండు పనులు: పెట్టెను పైకెత్తడం, అడుగునుంచి గాలి కొట్టడం. కాని ఆ గాలి గదిలోదే. గది 35 డిగ్రీలుంటే, పంకా యెంత తిరిగినా చిప్పు అంతకన్న చల్లబడదు.

ఆదివారం పరీక్ష. మధ్యాహ్నం పీట లేకుండా బల్లమీద పెట్టి, అరగంటసేపు వొకే ఆట ఆడించాం. 94 డిగ్రీల సెంటిగ్రేడు. సాయంకాలం పీటమీద పెట్టి అదే ఆట. 86! ఎనిమిది డిగ్రీలు తగ్గింది. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. "ఓడిపోయాను" అని వొప్పుకున్నాను. మా యావిడ పాయసం కూడా చేసింది.

రాత్రి పదిగంటలకు వాడే వచ్చి నా మంచం దగ్గర నిలబడ్డాడు.

"నాన్నా, మన లెక్క తప్పు. మధ్యాహ్నం పడమటిగాలి. గది 35. సాయంత్రం సముద్రపుగాలి తిరిగింది. గది 30కి దిగింది. ఆ ఎనిమిదిలో అయిదు సముద్రానివే."

నేను లేచి కూర్చున్నాను. గెలిచినవాడు తన గెలుపును తానే కొట్టివేయడం యింట్లో గాని బయట గాని నేనంత తరచుగా చూసింది కాదు.

మర్నాటి రాత్రి తలుపులు మూసి, గోడకు థర్మామీటరు తగిలించి, గది 31 దగ్గర వుండగా మళ్ళీ మొదలుపెట్టాం. బల్లమీద 90. వెనకవైపు రెండు సీసామూతలు పెట్టి యెత్తితే 88. పీటమీద పంకాలు తిప్పితే 86. మళ్ళీ వుత్త బల్లమీద పెడితే తిరిగి 90. అంటే లెక్క నిలిచింది. పరుపుమీద 97 దగ్గర ఆగింది గాని, బొమ్మ నడక మందగించింది. వేడి హద్దు మీరబోతే యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుందట. కాబట్టి డిగ్రీలొక్కటే చూస్తే చాలదు, వేగం కూడా చూడాలి.

తేలిందేమిటి? పీట అబద్ధమాడలేదు, నాలుగు డిగ్రీలు తగ్గించింది. అందులో సగం సీసామూతలే తగ్గిస్తాయి.

మరి అసలు జ్వరం యెక్కడిది? నెల్లూరులో బాగుచేసే కుర్రవాడు అడుగుమూత విప్పాడు. రాగిరేకుల మధ్య దుమ్ము, ఉప్పుగాలి తేమకు ముద్దకట్టి, తెరలాగా పట్టివుంది. అది తీసి, చిప్పుమీద యెండిపోయిన పేస్టు మార్చి, ఆరువందలు పుచ్చుకున్నాడు. యింటికి వచ్చి అదే గదిలో, అదే 31 డిగ్రీల్లో, బల్లమీద చూస్తే 79.

మా అమ్మ తడిగుడ్డ మాట కూడా చెప్పాలి. నీరు ఆరితేనే చల్లదనం. గాలిలో అప్పటికే తేమ నిండివుంటే అది త్వరగా ఆరదు. ఉక్కపోత రోజుల్లో మా కూజానీళ్ళు చల్లబడకపోవడానికీ, మన చెమట ఆరకపోవడానికీ కారణం వొక్కటే. పైగా కరెంటు వస్తువుకు తడి తగిలితే జ్వరం తగ్గదు, ప్రాణమే పోతుంది. దయచేసి యెవరూ ప్రయత్నించవద్దు.

ఆ రాత్రి అబ్బాయితో, "తప్పు నీ ఆటది కాదురా, దుమ్ముది" అన్నాను. ఆ మాట అనడానికి నాకు పట్టినంతసేపు ఆ పరీక్షలన్నిటికీ కలిపి పట్టలేదు.

వాడు నవ్వి, "ఆట కూడా కొంచెం వుంది నాన్నా" అన్నాడు.

పీట యిప్పుడు నా దగ్గరే వుంది. పరీక్షపేపర్లు దిద్దేటప్పుడు కాళ్ళకింద పెట్టుకుంటున్నాను. ఎన్ని డిగ్రీలు తగ్గుతున్నదో యింకా కొలవలేదు.