రుచి చూడని కొనుగోలుదారు: లూజు టీ మార్పిడికి ప్రోత్సాహం అవసరం

నరసన్నపేట: బియ్యం కొనేవాడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని నూక ఎంత వుందో చూస్తాడు. బెల్లం కొనేవాడు అచ్చు అంచు గిల్లి నోట్లో వేసుకుంటాడు. చింతపండు కొనేవాడు పిసికి చూస్తాడు. టీ పొడి కొనేవాడు మాత్రం ధర అడిగి, పొట్లం కట్టించుకుని వెళ్ళిపోతాడు. రోజుకు రెండు మూడు సార్లు నోటికి తగిలే సరుకును చవి చూడకుండా, గిట్టుబాటు లెక్కించకుండా కొనడం ఈ ప్రాంతపు వినియోగదారులకు అలవాటైపోయింది. ఈ అలవాటు మారడానికి ఇటీవల అక్కడక్కడ కనిపిస్తున్న ఒక సరదా, అనగా రకరకాల లూజు టీలను మిత్రులు తమలో తాము పంచుకుని రుచి చూసుకోవడం, తోడ్పడేట్లు వుంది. దీనిని పనిలేనివారి కాలక్షేపంగా తోసివేయడం తగదు.

నిజానికి వాణిజ్యంలో తేయాకు అంతగా రుచి చూడబడే సరుకు మరొకటి అరుదు. కలకత్తాలో తేయాకు వేలం 1861లో ప్రారంభమైంది. కొచ్చిన్ వేలం 1947లోను, కూనూరు వేలం 1963లోను, గౌహతి వేలం 1970లోను, సిలిగురి వేలం 1976లోను మొదలయ్యాయి. ఈ కేంద్రాలన్నిటిలోను వేలానికి ముందే ప్రతి లాటు నుంచి మచ్చు తీసి కొనుగోలుదార్లకు పంపుతారు. బ్రోకర్ల వద్ద వుండే రుచిపరీక్షకులు తెల్లని పింగాణీ కప్పుల వరుస ముందు నిలబడి, చెంచాతో జుర్రి, ఉమ్మివేసి, విలువ కడతారు. కేకలతో సాగిన వేలం నేడు కంప్యూటర్ల మీదికి మారింది గాని, కప్పు రుచి చూసే పద్ధతి మారలేదు. తోట యజమాని మొదలు టోకు వర్తకుడి దాకా అందరూ చవి చూసిన తరువాతనే సరుకు చేతులు మారుతుంది. చివరకు గ్లాసు పట్టుకుని తాగేవాడొక్కడే చవి చూడకుండా డబ్బు చెల్లిస్తున్నాడు.

ఇది మొదటి నుంచీ ఇలాగే వుందనుకుంటే పొరబాటు. మన దేశంలో సామాన్యులకు తేనీరు అలవాటు చేసినదే ఉచితపు మచ్చు. 1903లో తేయాకుపై సెస్సు చట్టం వచ్చింది. ఆ సెస్సు సొమ్ముతో ప్రచారకులు బజార్లలో, సంతల్లో, రైల్వే స్టేషన్లలో టీ కాచి చూపించారు, కప్పులు ఉచితంగా అందించారు. రుచి చూపించి అలవాటు చేసిన వ్యాపారం, అలవాటు స్థిరపడ్డాక రుచి చూపడం మానేసింది. ఆ మానేసిన పనినే నేడు మిత్రబృందాలు తమ ఖర్చుతో తాము చేసుకుంటున్నాయి.

ఈ సరదాకు నరసన్నపేట ప్రాంతం అనుకూలమైనది. జలుమూరు, పోలాకి, సారవకోట మండలాల వారు సరుకులకు ఇక్కడికి వస్తారు. పదహారవ నెంబరు జాతీయ రహదారి పక్కనే వుంది. హౌరా-చెన్నై రైలు మార్గం మీది తిలారు స్టేషన్ దగ్గరలో వుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలోను, వలస పనుల్లోను దేశం నలుమూలలా వున్నవారికి లెక్కలేదు. సెలవు మీద వచ్చే జవాను పెట్టెలో అస్సాం టీ పొట్లమో, సిలిగురి బజారులో కొన్న డార్జిలింగ్ ఆకో వుండడం వింత కాదు. ఊటీ యాత్రకు వెళ్ళినవారు నీలగిరి పొడి తేకుండా రారు. అయితే ఆ పొట్లంలో సగం బంధువులకు పోగా మిగతా సగం, ఇంటి అలవాటు ప్రకారం, పాలతో పంచదారతో మరగకాగి, ఏ రకమో తెలియకుండానే అయిపోతున్నది. అక్కరకు వచ్చే జ్ఞానం గ్లాసులోనే కరిగిపోతున్నది.

తేయాకుతో ఈ ప్రాంతానికి వున్న సంబంధం యాత్రికుల పొట్లాలతో మొదలైనది కూడా కాదు. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో కూలీలు అస్సాం తోటలకు తరలివెళ్ళారు. ఈ వలసను క్రమబద్ధం చేయడానికి 1932లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. మూడేళ్ళు పని చేసిన కూలీకి తిరిగి స్వస్థలానికి చేర్చమని కోరే హక్కు ఆ చట్టంతోనే వచ్చింది. తిరిగి రానివారి సంతతి తెలుగు కుటుంబాలుగా నేటికీ అస్సాం తోటల్లో వున్నది. మనవారు కోసిన ఆకు రుచి మనకు తెలియకపోవడం విచారకరం.

మార్పిడి పద్ధతిలో చిక్కేమీ లేదు. ఐదుగురు మిత్రులు కలిసి, ఒక్కొక్కరు ఒక్కో రకం పావు కిలో చొప్పున కొంటారు. ప్రతి పావు కిలోను ఐదు 50 గ్రాముల పొట్లాలుగా కట్టి పంచుకుంటారు. ప్రతివారికీ ఐదు రకాలు చేరతాయి, ఖర్చు మాత్రం ఒక్క పావు కిలోకే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో ప్రకటించిన రుచిపరీక్ష పద్ధతి ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు మూతపెట్టి వుంచాలి. ఈ లెక్కన 50 గ్రాముల పొట్లానికి 25 కప్పులు వస్తాయి. ఒక రకాన్ని తెలుసుకోవడానికి అంతకన్న ఎక్కువ అవసరం లేదు. పొట్లం మీద తోట లేక ప్రాంతం పేరు, గ్రేడు, కొన్న నెల, కొన్న ధర రాసివుంచితే చాలు. ధర రాయడం ముఖ్యం. ధర తెలియని రుచి సరదాగానే మిగిలిపోతుంది, ధర తెలిసిన రుచి కొనుగోలుకు పనికివస్తుంది.

ఈ విధంగా నాలుగు పొట్లాలు చూసినవారికి కొన్ని భ్రమలు తొలగుతాయి. ‘డస్టు’ అంటే చెత్త అనుకునేవారు చాలామంది వున్నారు. అది సరికాదు. డస్టు అన్నది ముక్క పరిమాణాన్ని సూచించే పేరు. ఆకును నలిపి, చించి, చుట్టే సి.టి.సి. యంత్రం 1930 దశకంలో అస్సాంలో వాడుకలోకి వచ్చింది. ఆ యంత్రం నుంచి వచ్చిన గుళికలను జల్లించగా అన్నిటికన్న సన్నగా దిగేది డస్టు. దక్షిణాది హోటళ్ళకు ఇదే ఇష్టం, ఎందుకంటే చిక్కని డికాక్షన్ త్వరగా దిగుతుంది, పాలకు తట్టుకుంటుంది. నిజమైన టీ వ్యర్థం వేరే సరుకు, దానిపై 1959 నుంచి ప్రత్యేక నియంత్రణ వుత్తర్వు వుంది. ఇక ఆకును ముక్కలు చేయకుండా చుట్టి ఆరబెట్టే పాత పద్ధతి సరుకు ‘ఆర్థొడాక్స్’. దీని సువాసన పాలలో అణగిపోతుంది. పాలు లేకుండా తాగితేనే దీనికి పెట్టిన ధర దక్కుతుంది.

రుతువును బట్టి కూడా రుచి మారుతుంది. డార్జిలింగ్ తొలి చిగురు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది, లేత రంగు, పూల వాసన దాని గుణం. అస్సాం రెండవ చిగురు మే, జూన్ నెలలది, రంగూ బలమూ దానివి. వానకాలపు ఆకు దిగుబడి ఎక్కువ, రుచి తక్కువ. నీలగిరిలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు పడే రోజుల ఆకుకు ప్రత్యేక గిరాకీ వుంది. వరి పంటలో కొత్త బియ్యం, పాత బియ్యం తేడా తెలిసిన ప్రాంతానికి ఇది తెలియని సూక్ష్మం కాదు.

ఇదంతా డబ్బున్నవారి వ్యవహారమని ఒక ఆక్షేపణ వుంది. లెక్క వేసి చూద్దాం. డస్టు కిలో 300 రూపాయలు, మంచి ఆకు టీ కిలో 900 రూపాయలు అనుకుందాం. కప్పుకు 2 గ్రాముల చొప్పున డస్టు 60 పైసలు, ఆకు 1 రూపాయి 80 పైసలు అవుతుంది. డస్టు టీకి కప్పుకు 50 మిల్లీలీటర్ల పాలు పోస్తే, లీటరు 60 రూపాయల లెక్కన పాలకే 3 రూపాయలు. పాల టీ 3 రూపాయల 60 పైసలు, పాలు లేని ఆకు టీ అందులో సగం. పైగా మంచి ఆకు రెండవసారి కూడా దిగుతుంది. పాల టీ మానమని ఎవరూ అనడం లేదు. మబ్బు పట్టిన పొద్దున దానికి సాటి లేదు. కాని ‘ఆకు టీ ఖరీదు’ అన్న మాట మాత్రం తూకం దగ్గర నిలవదు.

కాగా లూజు సరుకులో ప్రమాదం లేకపోలేదు. వాడేసిన పొడిని ఆరబెట్టి రంగు వేసి కలపడం, ఇనుప రజను కలవడం ఎప్పటినుంచో వున్న జాఢ్యాలు. తడిపిన వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లితే, కలిపిన రంగు వెంటనే పాకుతుంది. నికార్సయిన పొడి అలా వెంటనే రంగు విడవదు. అయస్కాంతం తిప్పితే ఇనుము బయటపడుతుంది. కిలోకు 250 మిల్లీగ్రాములకు మించి ఇనుప రజను వుండరాదని ఆహార భద్రతా నిబంధన. మార్పిడి చేసుకునేవారు ముందు ఈ రెండు పరీక్షలు చేయడం అలవాటు చేసుకోవాలి. ఐదు రకాలు పక్కపక్కన పెట్టి చూసినవాడి కంటికి కల్తీ దొరికినంత సులువుగా, ఏళ్ళ తరబడి ఒకే పొట్లం కొనేవాడికి దొరకదు.

నిలవ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. టీ పొడి చెమ్మను, పక్కవాసనను ఇట్టే పట్టుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో మూత లేని డబ్బా నెల తిరిగేసరికి నిస్సారమవుతుంది. కిరాణా కొట్టులో ఇంగువ, సబ్బులు, ఎండుచేపల సరసన టీ డబ్బా పెట్టడం సొమ్ము పోసి సువాసన పోగొట్టుకోవడమే. పంచుకున్న పొట్లాలు కూడా బిగుతు మూత డబ్బాల్లో వుంచాలి. ఇచ్చిపుచ్చుకోవడం మిత్రుల మధ్య వుండగా ఇబ్బంది లేదు. అమ్మకంలోకి దిగితే ఆహార భద్రతా చట్టం కింద నమోదు తప్పదు.

ఈ విషయం గ్లాసుతో ఆగేది కాదు. దేశంలో 2023లో సుమారు 139 కోట్ల కిలోల తేయాకు తయారైంది. 2024లో అది 128 కోట్ల కిలోల స్థాయికి పడిపోయింది. దేశంలో తయారైన టీలో అధికభాగం దేశంలోనే ఖర్చవుతుంది. సగానికి పైగా పచ్చి ఆకు చిన్న రైతుల చేతి నుంచి వస్తున్నది. నాణ్యత పెంచమని వారికి చెప్పనివారు లేరు. కాని తాగేవాడు తేడా గుర్తించి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వనంతకాలం, లేత ఆకు కోసిన రైతుకూ ముదురు ఆకు కోసిన రైతుకూ ఒకటే ధర పలుకుతుంది. ఉత్తరాది ఫ్యాక్టరీల డస్టు రకాలన్నీ వేలంలోనే అమ్మాలని 2024లో ప్రభుత్వం ఆదేశించింది. వేలం ధరను పైనుంచి సరిదిద్దే ప్రయత్నం అది. గిరాకీని కిందినుంచి సరిదిద్దగలవాడు వినియోగదారుడే.

నరసన్నపేట వర్తకులు దీనికి పెట్టుబడి పెట్టవలసిన పని లేదు. లూజు డబ్బా మీద ప్రాంతం, గ్రేడు, సరుకు వచ్చిన నెల రాసిన చీటీ అతికించాలి. అడిగినవారికి 25 గ్రాముల మచ్చు పొట్లం వెలకే కట్టి ఇవ్వాలి. రెండు రకాలు కలిపి ఇచ్చేవారు ఏ పాళ్ళలో కలిపారో చెప్పాలి. రుచి తెలిసిన గిరాకీ బేరం కాస్త గట్టిగా చేసినా, నచ్చిన సరుకు కోసం అదే కొట్టుకు తిరిగి వస్తుంది. తెలియని గిరాకీ అర్ధరూపాయి తగ్గిన చోటికి పోతుంది. బియ్యం దగ్గర, బెల్లం దగ్గర ఈ వూరి కొనుగోలుదారును మోసగించడం కష్టమని పేరుంది. టీ డబ్బా దగ్గర కూడా ఆ పేరు నిలబడాలంటే నలుగురు మిత్రులు, నాలుగు పొట్లాలు, ఒక కెటిలు చాలు.